హైదరాబాదులో ఆటకూ విహారానికీ చోటు ఎంచుకోవడం ఎలా?

హైదరాబాదులో ఆడుకోవడానికీ, నడవడానికీ, సెలవు పూట ఇంటిల్లిపాదీ గడపడానికీ చోట్లకు కొరత లేదు. మైదానాలు, చెరువులు, గుట్టలు, ఉద్యానవనాలు, ఇండోర్ స్టేడియంలు నగరం నలుమూలలా ఉన్నాయి. అయినా ఎంతో ఆశపడి వెళ్లి, గేటు మూసి ఉందనో, ఎండకు నిలవలేకపోయామనో, మైదానంలో ఆటకు బదులు సభ జరుగుతోందనో వెనుదిరిగి వచ్చేవారు తక్కువేమీ కాదు. వారిలో ఎక్కువమంది ఎంచుకున్న చోటు మంచిదే. వెళ్లిన వేళే సరైనది కాదు. అందువల్ల ఈ నగరంలో ముందుగా ఋతువును, ఆ పిదప పూటను నిర్ణయించుకుని, చివరగా స్థలాన్ని ఎంచుకోవడం మంచి పద్ధతి.

దీనికి కారణం నగర చరిత్రలో ఉంది. ఇక్కడి ప్రసిద్ధ క్రీడాస్థలాల్లో చాలావరకు ఆటల కోసం ఏర్పడినవి కావు. హుసేన్ సాగర్ 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో నీటి అవసరాల కోసం నిర్మించిన చెరువు. నేడు లాల్ బహదూర్ స్టేడియం ఉన్న ఫతే మైదాన్, 1687లో గోల్కొండను ముట్టడించిన మొఘల్ సేనలు విడిది చేసిన ప్రదేశం. సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్ సైనిక కవాతుల కోసం ఏర్పడింది. వనస్థలిపురంలోని హరిణ వనస్థలి ఒకప్పటి నిజాముల వేటస్థలం కాగా, జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం నిజాం కుటుంబపు చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి. పెద్ద సముదాయాల్లో పూర్తిగా ఆటలను దృష్టిలో పెట్టుకుని కట్టినదంటే ప్రధానంగా గచ్చిబౌలినే చెప్పుకోవాలి. ఈ కారణంగానే ఇక్కడి చెరువు మీద నిమజ్జనానికీ, మైదానం మీద సభలకూ, అడవి మీద జింకలకూ నెమళ్లకూ ముందు హక్కు ఉంటుంది. ఆటగాళ్లూ విహారానికి వచ్చినవారూ మిగిలిన వేళను వాడుకోవలసి ఉంటుంది.

ముందుగా ఋతువు

దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఎండ తీక్షణంగా ఉన్నా, కోస్తా జిల్లాల్లో ఉన్నంత ఉక్కపోత ఉండదు. రాత్రి చల్లబడిన నేల తెల్లవారి కొన్ని గంటలపాటు ఆ చల్లదనాన్ని నిలుపుకుంటుంది. మార్చి రెండో సగం నుంచి జూన్ తొలకరి వరకు ఆరుబయట చేయదలచిన పని ఏదైనా ఉదయం ఎనిమిది లోపే ముగించడం క్షేమం. ఆ నెలల్లో పగటి పూటను ఈతకొలనులకూ, ఇండోర్ ఆటలకూ కేటాయించుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలి బలంగా వీస్తుంది కనుక అది తెరచాప పడవల కాలం, మబ్బు పట్టిన ఉదయాల వల్ల పరుగుకూ అనువైన కాలం. కానీ తడిసిన బండల మీదికి వెళ్లకూడని కాలం కూడా అదే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఏం చేసినా చెల్లుతుంది. కోట ఎక్కడం, సైకిలు తొక్కడం, రాళ్లు ఎక్కడం, దూరపు గుట్టలకు వెళ్లడం వంటివన్నీ ఆ నాలుగు నెలలకు దాచుకోవాలి.

పంచాంగంలో మరికొన్ని రోజులను కూడా గుర్తు పెట్టుకోవాలి. వినాయక నవరాత్రుల చివరి రోజుల్లో ట్యాంక్ బండ్, నెక్లెస్ రోడ్డు పరిసరాలు నిమజ్జన ఊరేగింపులతో నిండిపోతాయి. ఆ రోజుల్లో అక్కడ పరుగు, పడవ, పార్కు అన్న మాటే మరచిపోవడం మేలు. బతుకమ్మ వేడుకల వేళ, రాష్ట్రావతరణ దినమైన జూన్ 2 ప్రాంతంలో, ఎన్నికల కాలంలో పెద్ద మైదానాలేవీ ఆటలకు ఖాళీగా దొరకవు.

నడక, పరుగు, సైకిలు

రోజూ నడిచేవారికి కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, అనగా అందరూ కేబీఆర్ పార్కు అని పిలిచేది, ఇప్పటికీ ఈ నగరంలో అన్నిటికంటే మేలైన చోటు అన్నది నా అభిప్రాయం. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ అడవి సుమారు 390 ఎకరాలు. దీనిని రెండు విధాలుగా ఉపయోగించుకోవచ్చు. ప్రహరీ వెలుపల పార్కును చుట్టి వచ్చే నడకదారి ఉంది. అక్కడికి టికెట్టు అక్కరలేదు, కానీ పక్కనే వాహనాల రొద ఉంటుంది. లోపలికి ప్రవేశ రుసుము చెల్లించి వెళితే మట్టిబాట, చెట్ల నీడ, రాళ్ల మధ్య నుంచి అకస్మాత్తుగా ఎదురయ్యే నెమళ్లు ఉంటాయి. లోపలి నడకకు ఉదయమూ సాయంత్రమూ నిర్ణీత వేళలు ఉన్నాయి కాబట్టి, పదకొండు గంటలకు తీరికగా వెళదామనుకునేవారు ముందుగా ఆ వేళలను కనుక్కోవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు వెలుపలి దారికంటే లోపలి మట్టిబాటను ఎంచుకోవడం మంచిది. అయితే ఎత్తుపల్లాలు ఉంటాయి కనుక తొలిరోజే పూర్తి చుట్టు తిరగాలన్న పట్టుదల వద్దు. తినుబండారాలు తీసుకుని వెళ్లే చోటు ఇది కాదు. అది జంతువుల ఇల్లు అని మనం మరచినా కోతులు మరవవు.

నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్, దోమలగూడ సమీపంలోని ఇందిరా పార్కు పాతతరం నడిచేవారికి అలవాటైన చోట్లు. నేల చదునుగా ఉండడం వల్ల పెద్దవయసు వారికి ఇవే అనుకూలం. కొండాపూర్‌లోని బొటానికల్ గార్డెన్ 270 ఎకరాలకు పైగా విస్తరించి ఉన్నందున పడమటి శివార్లలో ఉన్నవారు కేబీఆర్ పార్కు దాకా రావలసిన అవసరం ఉండదు.

పరుగు తీసేవారికి నెక్లెస్ రోడ్డు సహజంగా తొలిమజిలీ. చదునైన దారి, ఒక పక్క నీరు, ఆదివారం తెల్లవారుజామున తోటి పరుగువారి సందడి అక్కడ ఉంటాయి. కానీ ఏటా ఆగస్టు చివరలో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు తయారవుతున్నవారు ఒక్క నెక్లెస్ రోడ్డునే నమ్ముకుంటే చిక్కులో పడతారు. ఆ పరుగు నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ, గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఎక్కుడు దిగుడుల వల్ల దేశంలోని కష్టమైన నగర మారథాన్లలో ఒకటిగా దానికి పేరు. కనుక వారానికి ఒక రోజైనా జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వీధుల్లోని ఎగువ దారుల్లోనూ, 2020లో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన పరిసరాల్లోనూ సాధన చేయాలి. ఎగువకు వెళ్లేటప్పుడు అడుగు కురచ చేసి, వేగం గురించి కాక శ్వాస గురించి ఆలోచించాలి. దిగేటప్పుడు మడమలు నేలకు బాదకుండా చూసుకోవాలి. తొలిసారి పరుగెత్తేవారిని చివరి కిలోమీటర్లలో కుంగదీసేది చాలాసార్లు దూరం కంటే ఈ దిగుడులే.

సైకిలు తొక్కేవారికి 2023లో ప్రారంభమైన, సౌర ఫలకాల పైకప్పు ఉన్న మార్గం ఔటర్ రింగు రోడ్డు వెంట ఉంది. మొత్తం 23 కిలోమీటర్ల ఈ మార్గం రెండు పాయలుగా సాగుతుంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు సుమారు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు సుమారు 14.5 కిలోమీటర్లు. కొత్తగా మొదలుపెట్టినవారు చిన్న పాయను, అలవాటైనవారు పెద్ద పాయను ఎంచుకోవచ్చు. పైకప్పు ఎండను ఆపుతుంది కానీ ఎదురుగాలిని ఆపదు. అందుచేత వెళ్లేటప్పుడు గాలి వీపున ఉన్నట్టయితే సంతోషించి దూరం పెంచుకోకుండా, తిరుగు ప్రయాణానికి సగానికి పైగా శక్తిని మిగుల్చుకోవాలి. వర్షాకాలపు సాయంత్రాల్లో ఈ సంగతి ప్రతి ఒక్కరికీ స్వయంగా తెలిసివస్తుంది. నీళ్లు, పంక్చరు సామగ్రి, చిన్న పంపు వెంట ఉంచుకోవాలి. ఇది ఊరి మధ్య వీధి కాదు, ప్రతి మలుపులోనూ మెకానిక్కు దొరకడు.

నీటి మీద

హుసేన్ సాగర్‌లో చాలామందికి తెలిసిన విహారం లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దాకా పడవ ప్రయాణం. ఏకశిలలో మలచిన ఆ విగ్రహం ఎత్తు సుమారు 18 మీటర్లు. 1990లో తరలిస్తుండగా నీటిలో మునిగిపోయి, 1992లో వెలికితీయబడి నేటి చోట నిలిచింది. ఈ పడవ ప్రయాణానికి సాయంత్రం, ఎండ తగ్గిన తరువాత వెళ్లడం బాగుంటుంది. అయితే వేసవిలో నీటిమట్టం తగ్గి వాసన పెరుగుతుంది కాబట్టి, దూరం నుంచి వచ్చిన చుట్టాలకు చూపించదలచుకుంటే వర్షాలు పడిన తరువాతి నెలలను ఎంచుకోవాలి.

ఆ చెరువులోనే తెరచాప పడవల క్రీడ ఎన్నో ఏళ్లుగా సాగుతోందన్న సంగతి నగరవాసుల్లో సగం మందికైనా తెలియదేమోననిపిస్తుంది. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ సంఘం, సంజీవయ్య పార్కు వైపున ఉన్న యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇక్కడ పనిచేస్తున్నాయి. నైరుతి గాలులు స్థిరపడే జూలై ప్రాంతంలో జాతీయ స్థాయి పోటీలు జరుగుతుంటాయి. పిల్లలకు నేర్పేది ఆప్టిమిస్ట్ అనే, ఒక్కరే నడిపే పడవ మీద. ముందుభాగం మొండిగా తెగినట్టుండే ఆ బుల్లి పడవలో ఒక చేతిలో చుక్కాని కర్ర, మరో చేతిలో తెరచాప తాడు పట్టుకుని, గాలి ఒక పక్కకు ఒరిగించినప్పుడు పిల్లవాడు తానే రెండో పక్క అంచు మీదికి జరిగి తన బరువుతో పడవను నిలబెట్టుకోవాలి. చుట్టూ ఉన్న భవనాలకు తగిలి గాలి క్షణక్షణమూ దిశ మార్చుకుంటుంది కాబట్టి ఇక్కడ నేర్చుకున్నవారికి విశాలమైన జలాశయాలు కష్టమనిపించవని ఈ క్రీడలో ఉన్నవారు చెబుతుంటారు. పిల్లలను చేర్చదలచినవారు ముందు ఈత నేర్పించాలి, పోటీల వారానికి కాక దానికి కొన్ని నెలల ముందే క్లబ్బును సంప్రదించాలి, లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కనివ్వకూడదు. చూడాలనుకునేవారికి సంజీవయ్య పార్కు ఒడ్డు చాలు. దగ్గరలో అదే పేరుతో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ ఉంది.

దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరందించింది. ఇప్పుడు దాని ఒడ్డున నడకదారి, పడవ విహారం ఉన్నాయి. రాయదుర్గం వైపు ఉద్యోగాలు చేసేవారికి సాయంత్రపు గంట గడపడానికి అది తగినది. జూపార్కును ఆనుకుని ఉన్న మీర్ ఆలం చెరువుకు 21 అర్ధవృత్తాకారపు తోరణాలతో కట్టిన ఆనకట్ట ఉంది. అటువైపు వెళ్లినవారు పడవ ఎక్కినా ఎక్కకపోయినా ఆ కట్టను చూసి రావాలి. 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల దగ్గర ఒడ్డున కూర్చుని రావడం వరకే పెట్టుకోవాలి. ఉస్మాన్ సాగర్ ఉన్న గండిపేటలో ఈత కొట్టవద్దన్న బోర్డును అలంకారంగా భావించేవారు ప్రతి వేసవిలోనూ కనబడతారు. లోతు ఒక్కసారిగా పెరిగే చోట్లు, అడుగున బురద, వానల్లో గేట్లు ఎత్తినప్పుడు దిగువన వచ్చే వరద ఉంటాయి కాబట్టి, ఎంత గట్టి ఈతగాడైనా అక్కడ నీటిలో దిగకూడదు.

బండల మీద

ఈ నగరానికి ప్రకృతి ఉచితంగా ఇచ్చిన వ్యాయామశాల దాని బండలు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ గ్రానైటు, ఎండకూ వానకూ పగిలి గుండ్రబడి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టుండే గుండ్లుగా మారింది. ఖాజాగూడ గుట్టల మీద ఆదివారం ఉదయాల్లో చిన్న చిన్న బృందాలు బండలు ఎక్కుతూ కనిపిస్తాయి. ఈ రాతి మీద పట్టుకోవడానికి పగుళ్లు తక్కువ, గరుకుదనం ఎక్కువ. అందువల్ల కొత్తవారు చేతులతో వేలాడబోయి అలసిపోతారు. అలవాటైనవారు మడమను కిందికి వంచి, అరికాలు ముందుభాగమంతా రాతికి అదిమి, నడుమును రాతి నుంచి కొంచెం దూరంగా ఉంచి, కాళ్ల మీదనే పైకి లేస్తారు. భయపడి రాతికి వాటేసుకున్న మరుక్షణం అరికాలి ఒత్తిడి తగ్గి జారడం మొదలవుతుంది. ఈ ఒక్క విషయం నేల నుంచి రెండు అడుగుల ఎత్తులోనే సాధన చేసి, జారినా దెబ్బ తగలదన్న ధైర్యం వచ్చాక పైకి వెళ్లాలి. గోళ్లు పూర్తిగా తీసుకుని ఉండాలి, ఉంగరాలు తీసేయాలి. శీతాకాలంలో సూర్యోదయం నుంచి తొమ్మిది లోపు రాయి చల్లగా, పొడిగా ఉండి పట్టునిస్తుంది. వాన పడిన మరునాడు నాచు పట్టిన నీడవైపు బండలను ముట్టుకోకూడదు.

ఎక్కే ఉద్దేశం లేకుండా ఈ రాళ్లను చూడాలనుకునేవారికి, వాటి పరిరక్షణ కోసం పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ నిర్వహించే రాక్ వాక్‌లు మంచి ప్రవేశం. గైడు లేకుండా శివారు గుట్టల్లోకి ఒంటరిగా వెళ్లడం, ముఖ్యంగా పాత క్వారీ గుంతల పక్కగా వెళ్లడం సరికాదు.

తాడుతో, శిక్షకుల పర్యవేక్షణలో ఎక్కడం నేర్చుకోదలచినవారు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరికి వెళ్లాలి. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన ఆ కోట ఒకే ఒక్క బ్రహ్మాండమైన శిల మీద ఉంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ శిల మీదనే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. సికింద్రాబాదు, కాజీపేట మార్గంలో భువనగిరి స్టేషన్ ఉన్నందున తెల్లవారి రైలులో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. హెల్మెట్, నడుముకు కట్టుకునే హార్నెస్ ఎవరు ఇస్తారో, శిక్షకుడు ఒక్కొక్కరికి ఎంత సమయం కేటాయిస్తాడో ముందే అడిగి తెలుసుకోవాలి. తాడు పట్టనివారు మెట్లదారిన కోట పైకి వెళ్లవచ్చు. పైభాగంలో నీడ ఉండదు కాబట్టి టోపీ, తగినంత నీరు తప్పనిసరి.

గోల్కొండను కూడా నేను ఈ వరుసలోనే చేరుస్తాను, ఎందుకంటే కోట పైభాగమైన బాలాహిస్సార్ శిఖరానికి ఎక్కే సుమారు 360 మెట్లు ఎవరికైనా వ్యాయామమే. తలుపులు తెరిచే వేళకు చేరుకుంటే రద్దీ, ఎండ రెండూ తప్పుతాయి. సాయంత్రం వెళ్లేవారు నాలుగు గంటల ప్రాంతంలో ఎక్కడం మొదలుపెట్టి, సూర్యాస్తమయానికి ముందే దిగి, వేరే టికెట్టు తీసుకుని ధ్వని, కాంతి ప్రదర్శన చూడవచ్చు. భాషను బట్టి ప్రదర్శన వేళలు మారతాయి గనుక తెలుగు ప్రదర్శన ఏ రోజుల్లో ఉందో విచారించుకోవాలి. ఎత్తు మడమల చెప్పులతో ఈ మెట్లు ఎక్కేవారిని చూస్తే జాలి వేస్తుంది.

ఇంకా దూరం వెళ్లగలిగినవారికి వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలు ఉన్నాయి. మూసీ నది పుట్టేది అక్కడే. వానలు తగ్గిన అక్టోబరులో ఆ అడవి అత్యంత అందంగా ఉంటుంది.

స్టేడియంలు

ఆట చూడడానికీ ఆడడానికీ స్టేడియాన్ని ఎంచుకునే పద్ధతులు వేర్వేరు. చూసేవారి సంగతి ముందుగా చెప్పుకుందాం. అంతర్జాతీయ క్రికెట్, ఐపీఎల్ మ్యాచ్‌లు జరిగేది ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ స్టేడియంలో. మెట్రో నీలి మార్గంలో స్టేడియం పేరుతోనే స్టేషన్ ఉండడం వల్ల సొంత వాహనం తీసుకెళ్లడం అనవసరమైన శ్రమ. మ్యాచ్ ముగిశాక ప్లాట్‌ఫారం కిక్కిరిసిపోతుంది. అందుచేత రాకపోకలకు టికెట్టును ముందే ఫోన్‌లో కొని ఉంచుకోవాలి, లేదా ఒక స్టేషన్ దూరం నడిచి ఉప్పల్‌లోనో ఎన్జీఆర్ఐ దగ్గరో ఎక్కాలి. పగటి మ్యాచ్ అయితే పడమటి వైపు గ్యాలరీకి నీడ ముందుగా వస్తుందన్న సంగతిని సీటు ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవాలి. సంచులు, నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు గేటు దగ్గర ఆపేస్తారు, దాచిపెట్టుకునే చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. కనుక ఫోను, డబ్బు, గుర్తింపు కార్డు మించి తీసుకెళ్లకపోవడమే ఉత్తమం.

బషీర్‌బాగ్‌లోని లాల్ బహదూర్ స్టేడియం ఇప్పుడు అంతర్జాతీయ మ్యాచ్‌లకు దూరమైనా, క్రీడాభిమాని అక్కడికి ఒక్కసారైనా వెళ్లి రావాలి. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో జరిగిన టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసి, టెస్టుల్లో ద్విశతకం సాధించిన తొలి భారతీయుడైనది ఈ మైదానంలోనే. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన రోజులు, ఆ జట్టును తీర్చిదిద్ది 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికీ, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ చేర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఈ నగరం ఇప్పుడు గుర్తుచేసుకోవలసినంతగా గుర్తుచేసుకోవడం లేదు. లాల్ బహదూర్ స్టేడియంలో సాధన చేయదలచినవారు ఒక జాగ్రత్త పాటించాలి. ప్రమాణ స్వీకారాలు, ప్రభుత్వ వేడుకలు, పండుగ విందులు ఈ మైదానంలో తరచుగా జరుగుతాయి. వారం ముందే అడిగినా, బయలుదేరే రోజు ఉదయం మరొకసారి ఫోను చేయడం అవసరం. సరూర్‌నగర్ స్టేడియానికీ, పరేడ్ గ్రౌండ్స్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

2003 ఆఫ్రో ఆసియా క్రీడలు, 2007 ప్రపంచ సైనిక క్రీడలు జరిగిన గచ్చిబౌలి సముదాయంలో అథ్లెటిక్స్ ట్రాక్, ఇండోర్ స్టేడియం, ఈతకొలను ఒకేచోట ఉన్నాయి. పరుగును శాస్త్రీయంగా సాధన చేయదలచినవారు సింథటిక్ ట్రాక్ కోసం ఇక్కడికి రావాలి. మొదటి వరుస వేగంగా పరుగెత్తేవారిదన్న మర్యాద పాటించి, నడిచేవారు వెలుపలి వరుసల్లో ఉండాలి. ఫుట్‌బాల్ ప్రేమికులకు మొయినాబాద్ దారిలో అజీజ్‌నగర్‌లోని దక్కన్ అరీనా కూడా ఉంది.

ఇక బ్యాడ్మింటన్. 2009 ప్రపంచ చాంపియన్‌షిప్ గచ్చిబౌలిలో జరిగింది, పుల్లెల గోపీచంద్ అకాడమీ అక్కడే ఉంది. ఆ ప్రభావంతో కాలనీ కాలనీకీ షటిల్ కోర్టులు వెలిశాయి. అద్దెకు కోర్టు తీసుకునేముందు మూడు సంగతులు స్వయంగా వెళ్లి చూడాలి. నేల చెక్క మీద పరిచిన సింథటిక్ మ్యాటా, లేక సిమెంటు మీద అతికించిన పలుచని పరుపా అన్నది మోకాళ్లకు సంబంధించిన విషయం. దీపాలు కోర్టుకు నేరుగా పైన ఉన్నాయా, పక్కన ఉన్నాయా అన్నది కంటికి సంబంధించినది; పైన ఉంటే ఎత్తుగా లేచిన షటిల్ కాంతిలో కలిసిపోతుంది. మూడోది పైకప్పు. రేకుల షెడ్డు అయితే వేసవి మధ్యాహ్నం లోపల ఆడడం దుర్భరం, గాలికి షటిల్ కదులుతుందని ఫ్యాన్లు కూడా వేయనివ్వరు. ఈక షటిల్ డబ్బా మీద వేగాన్ని సూచించే అంకె ఉంటుంది. వేడి పెరిగి గాలి పలచబడేకొద్దీ షటిల్ దూరం పోతుంది కాబట్టి, ఎండాకాలంలో తక్కువ అంకె ఉన్నది అడిగి తీసుకోవాలి. ప్రభుత్వ కోర్టుల్లో, ఉదాహరణకు యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కర్ రెడ్డి ఇండోర్ స్టేడియంలో, ఉదయపు గంటలు శిక్షణ పొందే పిల్లలతో నిండి ఉంటాయి. ఉద్యోగస్తులు రాత్రి గంటలను అడగడం వాస్తవికం.

మలక్‌పేట రేసుకోర్సు గురించి రెండు మాటలు. 1886 నుంచి ఇక్కడ గుర్రప్పందేలు జరుగుతున్నాయి; వర్షాకాలపు సీజన్, శీతాకాలపు సీజన్ అని రెండు ఉంటాయి. పందెం కాయకుండానే, పరుగుకు ముందు గుర్రాలను తిప్పే ప్యాడాక్ దగ్గర నిలబడి వాటి నడకను, చెమటను, చెవుల కదలికను గమనించడంలోనే ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది. పందెం కాస్తే, ఆ రోజుకు పోగొట్టుకోగల మొత్తాన్ని ఇంటి దగ్గరే లెక్కపెట్టుకుని అంతే జేబులో పెట్టుకోవాలి.

శీతాకాలపు పాతనగరం, పిల్లలతో సెలవులు

పాతనగరంలో ఆట అంటే పెద్ద స్టేడియం గుర్తుకు రాదు. కుస్తీ నేర్పే తాలీంలు, సంక్రాంతి పతంగులు గుర్తుకు వస్తాయి. జనవరి తొలి రెండు వారాల్లో గుల్జార్ హౌజ్, ధూల్‌పేట దుకాణాల్లో పతంగులు, దారం చుట్టే చరఖాలు, మాంజా కొనడమే ఒక విహారం. మాంజాను కొనేటప్పుడు వేలితో లాగి చూడాలి. నూలు దారం గట్టిగా లాగితే తెగుతుంది. సాగుతూ మెరిసేది నైలాను చైనా మాంజా. పక్షుల రెక్కలను, ద్విచక్రవాహనాల మీద వెళ్లేవారి గొంతులను కోసే ఆ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, కనుక చవకగా వచ్చినా తీసుకోకూడదు. మేడ మీద పిట్టగోడ లేని చోట ఎగురవేయడం, విద్యుత్ తీగలకు చిక్కిన పతంగిని కర్రతో లాగడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు.

అదే కాలంలో, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, నాంపల్లి మైదానంలో నుమాయిష్ జరుగుతుంది. 1938లో మొదలైన ఈ ప్రదర్శనకు పనిదినాల సాయంత్రం వెళితే నడవడానికి చోటుంటుంది. ఆదివారం వెళితే జనం నడిపించినట్టు నడవాలి.

పిల్లలతో వెళ్లేవారు నెహ్రూ జూపార్కు సోమవారం మూసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. 380 ఎకరాల ఆ ఆవరణను ఒక్కపూటలో పూర్తిగా నడిచి చూడాలనుకోవడం పిల్లలను ఏడిపించడమే. సఫారీతో మొదలుపెట్టి, బ్యాటరీ వాహనం ఎక్కి, మిగిలినది మరోసారికి వదిలేయాలి. కృష్ణజింకలను చూడాలంటే విజయవాడ రహదారి మీది హరిణ వనస్థలికి చల్లని వేళలో వెళ్లాలి. వేసవి సెలవుల్లో జీహెచ్ఎంసీ తన మైదానాల్లో నిర్వహించే కోచింగ్ క్యాంపులు స్వల్ప రుసుముతో నడుస్తాయి. వాటిలో చేర్చేముందు ఆ మైదానానికి ఒక ఉదయం వెళ్లి, శిక్షకుడు ఒకేసారి ఎంతమందిని చూసుకుంటున్నాడో, తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమచికిత్స పెట్టె ఉన్నాయో లేదో స్వయంగా చూసి రావాలి. ఈత క్యాంపు అయితే కొలను అడుగున గచ్చు గీతలు పైనుంచి స్పష్టంగా కనిపిస్తున్నాయా అన్నది కూడా గమనించాలి; కనిపించకపోతే నీరు మార్చేదాకా పిల్లలను దింపకూడదు.